పాత కారు ట్యూబుకు ఇత్తడి వాల్వ్ బిగించడం: మోడల్-ఎ ఫోర్డ్ చక్రంతో మొదటి నుంచి చివరి దాకా

1930 నాటి మోడల్-ఎ ఫోర్డ్‌కు కొత్త ట్యూబు తెప్పించి విప్పి చూస్తే, చాలాసార్లు దానికి నల్లటి రబ్బరు వాల్వ్ ఉంటుంది. గాలి పడుతుంది, బండి కూడా నడుస్తుంది. కానీ తొంభై ఏళ్ళు దాటిన రిమ్ములో వాల్వ్ రంధ్రం అరిగి పెద్దదై ఉంటుంది. రబ్బరు కాడ అందులో వదులుగా ఊగుతుంది, ఇనుప అంచుకు రాసుకుంటూ కొన్నాళ్ళకు మొదట్లో చీలుతుంది. ఆ బండికి అందం తెచ్చే నికెల్ పూత పొడుగు మూత కూడా రబ్బరు కాడ మీద నిలవదు. ఆ మూత మరలు పట్టాలంటే కింద ఇత్తడి ఉండాలి.

అందుకే మామూలు ట్యూబుకే ఇత్తడి వాల్వ్ బిగించుకోవడం నేర్చుకుంటే మంచిది. ఈ పనికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు, ఒక పూట పని, రెండు రాత్రుల ఓపిక చాలు. మొదలుపెట్టే ముందు ఒక్క మాట మనసులో పెట్టుకోండి. గాలిని ఆపేది నట్టు కాదు, రబ్బరు. నట్టు చేసేదల్లా రబ్బరును అదిమి పట్టుకోవడమే. ఈ పనిలో జరిగే తప్పుల్లో ఎక్కువ భాగం ఈ తేడా తెలియక జరిగేవే.

ఏ చక్రం గురించి చెబుతున్నాను

మోడల్-ఎ ఫోర్డ్ 1927 డిసెంబరులో బయటికి వచ్చింది. 1928, 29 బండ్లకు 21 అంగుళాల చక్రాలు, 4.50-21 టైర్లు (మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది రిమ్ము వ్యాసం, రెండూ అంగుళాల్లో). 1930, 31 బండ్లకు 19 అంగుళాల చక్రాలు, 4.75-19 టైర్లు. ఫోర్డ్ కంపెనీ 1926లోనే మన దేశంలో వ్యాపారం మొదలుపెట్టింది. ఇక్కడి శాఖ కెనడా ఫోర్డ్ కింద ఉండేది కాబట్టి కుడివైపు స్టీరింగ్ బండ్లు వచ్చాయి. అందుకే ఇప్పటికీ మన పాత కార్ల ర్యాలీల్లో ఈ మోడల్ తరచుగా కనిపిస్తుంది.

ఈ చక్రం ఒకే ముక్క. ఊచలు రిమ్ముకు వెల్డింగ్ చేసి ఉంటాయి. రిమ్ము మధ్యలో లోతైన గాడి ఉంటుంది. టైరు తీయడానికీ ఎక్కించడానికీ ఆ గాడే ఆధారం. ఆస్టిన్, ఎం.జి. లాంటి బ్రిటిష్ బండ్లకైనా ఇదే పద్ధతి, ఊచల చక్రమైతే రిమ్ము పట్టీ విషయంలో మాత్రం కొంచెం తేడా ఉంది, దాని చోట చెబుతాను.

మీ బండి రిమ్ము రెండు మూడు ముక్కలుగా ఉండి, పక్కన ఇనుప రింగుతో బిగించే రకమైతే ఇక్కడే ఆగిపోండి. పాత లారీలకూ కొన్ని పాత పెద్ద కార్లకూ అలాంటివి ఉండేవి. రింగు సరిగ్గా కూర్చోకుండా గాలి కొడితే అది తూటాలా ఎగిరి ప్రాణాలు తీస్తుంది. ఆ పని ఇనుప బోను ఉన్న లారీ టైర్ల షాపులో, అనుభవం ఉన్నవాళ్ళతోనే చేయించండి.

ఇత్తడి వాల్వ్‌లో ఏముంటుంది

ఇప్పుడు కార్లకు, మోటారు సైకిళ్ళకు వాడే వాల్వ్‌ను ష్రేడర్ వాల్వ్ అంటారు. 1890లలో అమెరికాలో పుట్టిన ఈ వాల్వ్ పేరు, న్యూయార్క్‌లో రబ్బరు సామాను వ్యాపారం చేసిన ఆగస్ట్ ష్రేడర్ నుంచి వచ్చింది. మూత ఎక్కే బయటి మరల వ్యాసం సుమారు 7.7 మిల్లీమీటర్లు, అంగుళానికి 32 మరలు. మోడల్-ఎ కాలం నాటి కాడకైనా నేటి బైకు ట్యూబుకైనా ఈ కొలతే కాబట్టి, పంక్చర్ షాపులో దొరికే వాల్ పిన్ను (కాడ లోపల మరలతో బిగిసి, గాలి వెనక్కి రాకుండా చూసే చిన్న పిన్ను) పాత ఇత్తడి కాడలో మామూలుగా పట్టేస్తుంది. పిన్నుల్లో పొట్టివి, పొడుగువి రెండు రకాలున్నాయి. రెండింటి మరలూ ఒకటే. పాత కాడ తెచ్చుకుంటే ముందు రెండు రకాలూ పెట్టి చూడండి. 1910ల కంటే పాత కాడలతో మాత్రం పిన్ను దగ్గర ఇబ్బంది రావచ్చు.

మనం బిగించే రకంలో నాలుగు భాగాలుంటాయి. అడుగున చదునైన పాదం, అది ట్యూబు లోపల ఉంటుంది. పాదం నుంచి లేచే కాడకు బయట పొడుగునా మరలు. ట్యూబు బయట, పాదానికి సరిగ్గా ఎదురుగా కూర్చునే కోల వాషర్, దీన్నే బ్రిడ్జ్ వాషర్ అంటారు, అంచులు కొంచెం పైకి వంగి ఉంటాయి. దాని మీద ఆరు పలకల నట్టు. రిమ్ము బయట బిగించే రిమ్ము నట్టు వేరే. ఈ రెండు నట్లనూ కలపకండి. ఒకటి రబ్బరును పట్టుకుంటుంది, రెండోది కాడను రిమ్ములో నిటారుగా నిలబెడుతుంది.

పాత చచ్చిన ట్యూబు నుంచి తీసిన అసలు కాడ దొరికితే అదృష్టమే. నల్లబడిన ఇత్తడిని మన ఇళ్ళల్లో చెంబు తోమినట్టే చింతపండు, ఉప్పుతో తోమండి, తళతళలాడుతుంది. తర్వాత మంచినీళ్ళతో రెండు మూడుసార్లు కడిగి, లోపలి బెజ్జం కూడా ఊది పూర్తిగా ఆరబెట్టాలి. పులుపు లోపల మిగిలితే పిన్ను కూర్చునే చోటును తినేస్తుంది. నికెల్ పూత ఉన్న కాడను మాత్రం అలా తోమొద్దు, పూత పోతుంది. సబ్బునీళ్ళు, మెత్తని గుడ్డ చాలు. మరలు దెబ్బతిని ఉంటే, పంక్చర్ షాపుల్లో నాలుగు కొమ్ముల చిన్న పనిముట్టు ఉంటుంది. ఒక కొమ్ముతో బయటి మరలు, ఇంకో కొమ్ముతో లోపలి మరలు శుభ్రం చేయొచ్చు, మరో కొమ్ముతో పిన్ను తీయొచ్చు.

పాదం అంచును వేలి గోటితో చుట్టూ తడమండి. ఎక్కడైనా గోరు తగులుకుంటే అక్కడే రేపు రబ్బరు కోసుకుపోతుంది. సన్నని గరుకు కాగితంతో నున్నగా రుద్దండి.

ట్యూబు ఎంపిక

టైరు మీద ఏ కొలత రాసి ఉంటే ట్యూబు మీద కూడా ఆ కొలత ఉండాలి. 4.75-19 అని గానీ, 4.75/5.00-19 అని గానీ రాసి ఉన్న ట్యూబు తీసుకోండి.

ఇక్కడ మనవాళ్ళకు ఒక ఆశ పుడుతుంది. పాత బుల్లెట్ బండికి 19 అంగుళాల చక్రమే, దాని ట్యూబుకు ఎటూ లోహపు వాల్వ్ ఉంటుంది, అది వేసేస్తే పోలేదా అని. పోలేదు. బుల్లెట్ టైరు 3.25-19. ఆ సన్నని ట్యూబు 4.75 టైరును నింపడానికి విపరీతంగా సాగాలి. సాగిన చోటల్లా గోడ పలచబడుతుంది, ఎండలో నాలుగు మైళ్ళు పోగానే ఏ చిన్న ముల్లుకైనా ఒక్కసారిగా చీలిపోతుంది. పోనీ ఆ వాల్వ్ ఒక్కటే కోసి తీసుకుందామా అంటే, దాని అడుగు రబ్బరుతో కలిపి వేడి మీద అతికించి ఉంటుంది, మన పద్ధతిలో బిగించడానికి కుదరదు.

మన పనికి అనువైన ట్యూబును గుర్తుపట్టడం తేలిక. రబ్బరు వాల్వ్ మొదట్లో ట్యూబు గోడ కంటే మందంగా ఒక గుండ్రటి దిమ్మ ఉంటుంది. బిళ్ళలా, అరచేతి గుంట అంత వెడల్పులో. ఆ దిమ్మ మందంగా, గట్టిగా ఉన్న ట్యూబే కొనండి. పలచటి గోడకు నేరుగా ఇత్తడి బిగిస్తే నిలవదు.

ఇప్పటి ట్యూబుల్లో ఎక్కువ బ్యూటైల్ రబ్బరువి. 1937లో అమెరికాలో కనిపెట్టిన ఈ రబ్బరు సహజ రబ్బరు కంటే గాలిని చాలా బాగా పట్టి ఉంచుతుంది. అయితే ప్యాచ్ వేయాలన్నా అతికించాలన్నా బ్యూటైల్ కొంచెం మొండిది, బాగా గరుకు చేయకపోతే సొల్యూషన్ (ప్యాచ్ అతికించే జిగురు) పట్టదు. మనం బిగింపు మీద ఆధారపడుతున్నాం కాబట్టి ఈ పనికి అది అడ్డం కాదు.

కావలసినవి

కొత్త బ్లేడు ఉన్న కట్టర్, చెప్పులు కుట్టేవాళ్ళు వాడే గుండ్రటి రంధ్రాల పంచ్, సన్నని గరుకు కాగితం, సబ్బునీళ్ళు, రెండు సన్నని స్పానర్లు, పిన్ను తీసే పనిముట్టు, కొత్త వాల్ పిన్నులు రెండు, ఫ్రెంచ్ చాక్ (మెత్తని టాల్కు) పొడి, అంచులు గుండ్రంగా ఉన్న టైరు రాడ్లు మూడు, గాలి మీటరు, నీళ్ళ టబ్బు. సన్నని కొలతలు తీసే వెర్నియర్ ఉంటే మంచిది. గ్రీజు, ఇంజన్ ఆయిల్, వ్యాసలీన్ లాంటివి ఈ బల్ల దరిదాపుల్లో ఉంచకండి. ఖనిజ నూనె తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది.

చక్రం విప్పి టైరు తీయడం

బండిని చదునైన నేల మీద నిలిపి, మిగతా చక్రాలకు అడ్డం పెట్టి, నట్లు కొంచెం వదులు చేశాక జాకీ ఎత్తండి. జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు, కింద స్టాండు పెట్టండి.

చక్రం నేల మీద పడుకోబెట్టి పిన్ను తీసేసి గాలంతా పోనివ్వండి. ముందు రిమ్ము నట్టు విప్పండి. తర్వాత టైరు మీద నిలబడి మడమతో తొక్కుతూ బీడింగును, అంటే రిమ్ములో కూర్చునే టైరు అంచును, రిమ్ము అంచు నుంచి రెండు వైపులా ఊడదీయండి.

రాడ్డు ఎక్కడ పెట్టాలన్నదే ఇక్కడ కిటుకు. టైరు బీడింగులో ఉక్కు తీగ ఉంటుంది, అది సాగదు. వాల్వ్‌కు సరిగ్గా ఎదురు వైపున బీడింగును రిమ్ము మధ్య గాడిలోకి మోకాలితో తొక్కి పట్టండి. అప్పుడు వాల్వ్ వైపు కావలసినంత వదులు దొరుకుతుంది, రాడ్డు అక్కడ పెట్టి లేపండి. వాల్వ్ వైపు గాడిలో వాల్వ్ అడుగు కూర్చుని ఉంటుంది కాబట్టి అక్కడ బీడింగు దిగదు. దీన్ని తిరగేసి చేయబోయి చెమటలు కక్కుతూ రాడ్లు వంచుకున్నవాళ్ళు ఎందరో. బీడింగు ఒక్కసారి గాడిలోకి దిగితే ఈ టైరు పెద్ద బలం లేకుండానే వచ్చేస్తుంది.

రబ్బరు కాడ కోయడం

ఈ పనిలో తొందర పనికిరాని ఘట్టం ఇదే.

కొత్త ట్యూబు పిన్ను తీసి, చుట్టలా చుడుతూ గాలి మొత్తం పిండేయండి. రబ్బరు కాడను వేళ్ళతో నొక్కుతూ పైనుంచి కిందికి రండి. పైభాగం గట్టిగా తగులుతుంది, అది లోపలున్న ఇత్తడి గొట్టం. ఒక చోట దాటాక మెత్తగా, నొక్కితే వంగేలా ఉంటుంది. ఇత్తడి ఎంత లోతుకు దిగిందన్నది ఒక్కో కంపెనీ ట్యూబుకు ఒక్కో రకం. మెత్తని భాగం ఉంటే అక్కడ, దిమ్మకు 3, 4 మిల్లీమీటర్లు పైన అడ్డంగా ఒకే కోతతో కోయండి. ఇత్తడి అడుగుదాకా ఉంటే అడ్డంగా కోయబోకండి. రబ్బరును కాడ పొడుగునా చీల్చి అరటి దవ్వ పొరలు తీసినట్టు ఒలుస్తూ వచ్చి, గొట్టాన్ని ప్లయర్‌తో తిప్పుతూ బయటికి లాగండి. చీలిక దిమ్మ దగ్గరికి రాకుండా ముందే ఆపాలి.

ఇప్పుడు దిమ్మ మీద పొట్టి మోడు, దాని నడుమ చిన్న బెజ్జం మిగులుతాయి. కాడ మందాన్ని వెర్నియర్‌తో కొలవండి. బెజ్జం దానికంటే రెండు మిల్లీమీటర్లు చిన్నదిగా ఉండాలి. 8 మిల్లీమీటర్ల కాడకు 6 మిల్లీమీటర్ల బెజ్జం. అప్పుడే రబ్బరు కాడను చుట్టూ బిగుతుగా కరిచి పట్టుకుంటుంది. ఉన్న బెజ్జం మరీ సన్నగా ఉంటే పంచ్‌తో పెద్దది చేయాలి. ట్యూబు రెండో గోడ కూడా తెగకుండా లోపలికి ఒక చిన్న చెక్క ముక్క జారనిచ్చి, దాని మీద పంచ్ ఆనించి సుత్తితో ఒక్క దెబ్బ వేయండి. చెక్క ముక్కను మళ్ళీ అదే బెజ్జంలోంచి తీయాలి కదా, అందుకని వేలెడు పొడుగున్న సన్నని బద్ద అయితే సరి.

బ్లేడుతోనో కత్తెరతోనో ఈ బెజ్జాన్ని పెద్దది చేయకండి. నేను మొదటి ట్యూబుకు చేసిన పని అదే. చూడటానికి గుండ్రంగానే కనిపించింది. టైరు ఎక్కించి గాలి కొట్టాను, రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు పొద్దున షెడ్డు తలుపు తీస్తే చక్రం నేలకు కరుచుకుపోయి ఉంది. ట్యూబు బయటికి తీసి బెజ్జం దగ్గర రబ్బరును సాగదీసి చూస్తే, అంచులో ఆవగింజంత గాటు. ఆ గాటు నుంచి వాషర్ అంచు దాకా వెంట్రుకలాంటి చీలిక పాకింది. లాగి పట్టిన రబ్బరు మీద ఎంత చిన్న గాటు ఉన్నా అక్కడి నుంచే చిరగడం మొదలవుతుంది. పంచ్ వేసిన గుండ్రటి బెజ్జానికి అలాంటి మూల ఎక్కడా ఉండదు.

బెజ్జం పడ్డాక వెలుతురులో రబ్బరును నాలుగు వైపులా మెల్లగా లాగి చూడండి. గాటు కనిపిస్తే ఆ ట్యూబును బిగింపుకు వాడకండి.

ఇత్తడి వాల్వ్ దూర్చడం

పాదం వెడల్పు, బెజ్జం ఇరుకు. భయపడక్కర్లేదు, రబ్బరు ఎంతైనా సాగుతుంది. బెజ్జం చుట్టూ, పాదానికి సబ్బునీళ్ళు రాయండి. చొక్కా బొత్తాన్ని కాజాలో దూర్చినట్టు పాదాన్ని ఏటవాలుగా పట్టుకుని ఒక అంచు ముందు లోపలికి పోనివ్వండి. బొటనవేళ్ళతో రబ్బరును రెండో అంచు మీదికి లాగుతూ తిప్పితే టుప్పుమని లోపలికి పోతుంది. స్క్రూడ్రైవర్‌తో నెట్టొద్దు.

కొత్తగా మొదలుపెట్టినవాళ్ళకు కాడ చేయి జారి మొత్తం ట్యూబు లోపలికి పోవడం మామూలే. ముందే కాడ చివర ఒక నట్టు ఎక్కించి దానికి దారం కట్టి ఉంచుకోండి.

పాదం లోపల కూర్చున్నాక ట్యూబు పైనుంచి తడిమి చూడండి. కింద రబ్బరు మడత పడకూడదు. పాదం కోలగా ఉంటే దాని పొడుగు ట్యూబు పొడుగు వెంటే ఉండాలి. సబ్బునీళ్ళు తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. తడి మీద వాషర్ బిగిస్తే రబ్బరు జారుతుంది.

సొల్యూషన్ రాయాలా వద్దా అని చాలామంది అడుగుతారు. నా మాట వద్దనే. సరిగ్గా బిగిస్తే అవసరం లేదు, బిగింపు సరిగ్గా లేకపోతే సొల్యూషన్ కాపాడదు. పైగా రేపు విప్పాల్సి వస్తే దిమ్మ పాడవుతుంది. దిమ్మ మరీ పలచగా అనిపిస్తే, పాత ట్యూబు నుంచి గుండ్రటి బిళ్ళ కోసి, దానికీ అదే కొలత బెజ్జం పంచ్ చేసి వాషర్ కింద వేయండి.

బిగింపు, ఒక రాత్రి విరామం

బ్రిడ్జ్ వాషర్‌ను వంగిన అంచులు పైకి ఉండేలా వేయండి. వంపు ట్యూబు గుండ్రతనానికి అనుకూలంగా ఉండాలి, అంచు రబ్బరులోకి గుచ్చుకోకూడదు. దాని పొడుగు, పాదం పొడుగు ఒకే దిక్కులో ఉన్నాయో లేదో చూసుకోండి. నట్టును చేత్తో అందినంత తిప్పండి. ఇప్పుడు ఎడమ చేత్తో ట్యూబు అడుగు నుంచి పాదాన్ని రబ్బరుతో సహా పట్టుకుని, కాడ తిరగకుండా చూస్తూ, స్పానర్‌తో పావు చుట్టు చొప్పున బిగించండి. కాడకు రెండు పక్కల చదును ఉంటే రెండో స్పానర్ అక్కడ వేయొచ్చు.

ఎక్కడ ఆపాలి? వాషర్ చుట్టూ రబ్బరు కొంచెం ఉబ్బి సన్నని కట్టలా లేచినప్పుడు ఆపేయండి. రొట్టె పిండి మీద గిన్నె మూత నొక్కితే చుట్టూ పిండి లేస్తుంది చూడండి, అలా. ఇంకా తిప్పితే మూత పిండిని కోసినట్టే వాషర్ రబ్బరును కోస్తుంది. బలం ఉందని చూపించే చోటు కాదిది.

ఇక ఆ రోజుకు వదిలేయండి. ఒత్తిడిలో ఉన్న రబ్బరు గంటల తరబడి మెల్లగా సర్దుకుంటూ ఉంటుంది. సాయంత్రం గట్టిగా ఉన్న నట్టు తెల్లారేసరికి వదులు అవుతుంది. మర్నాడు మళ్ళీ పావు చుట్టో, అర చుట్టో పడుతుంది. అప్పుడు బిగించండి. ఈ రాత్రి విరామం ఇవ్వకుండా టైరు ఎక్కించేస్తే, ఆ వదులు టైరు లోపల ఉండిపోతుంది, మన స్పానర్ అక్కడికి చేరదు.

నీళ్ళ పరీక్ష

కొత్త పిన్ను వేళ్ళ బలంతో బిగించి, ట్యూబు రూపం వచ్చేంత వరకే గాలి పట్టండి. మీటరు మీద 1, 2 పాయింట్లు (పి.ఎస్.ఐ.) దాటకూడదు. బయట టైరు ఆసరా లేని ట్యూబు ఒకే వైపు బుంగలా ఉబ్బి పాడవుతుంది.

వాల్వ్ భాగాన్ని నీళ్ళలో ముంచి కనీసం రెండు నిమిషాలు కదలకుండా పట్టుకోండి. వాషర్ కింద దాక్కున్న గాలి మొదట్లో నాలుగు బుడగలుగా వస్తుంది, అది లీకు కాదు. గుడ్డతో తుడిచాక కూడా ఒకే చోటు నుంచి వరసగా బుడగలు వస్తుంటే అదే లీకు. పిన్ను నోట్లోంచి వస్తే పిన్ను మార్చండి. కాడ మొదట్లోంచి వస్తే నట్టు పావు చుట్టు తిప్పి చూడండి. రెండుసార్లు బిగించినా ఆగకపోతే విప్పి చూడాల్సిందే, లోపల మడతో గాటో ఉంటుంది. ఆ తర్వాత ఒక రాత్రంతా గాలితో వదిలేసి మర్నాడు చూడండి.

రిమ్ము సిద్ధం చేయడం

తుప్పు గీకి, గరుకు కాగితంతో రుద్ది, ప్రైమర్ కొట్టి ఆరనివ్వండి. వాల్వ్ రంధ్రం అంచును లోపలి వైపు నుంచి గుండ్రటి ఆకురాయితో నున్నగా చేయండి. రంధ్రం కాడ కంటే బాగా పెద్దగా ఉంటే రబ్బరు బుష్ వేయాలి, లేదంటే కాడ వంకర తిరుగుతుంది.

మోడల్-ఎ రిమ్ము లోపల ఊచల చివరలు పొడుచుకు రావు, అయినా రబ్బరు పట్టీ ఒకటి వేయడం మంచిది. మరలతో బిగించే ఊచలున్న బ్రిటిష్ చక్రాలకైతే పట్టీ తప్పనిసరి. ప్రతి ఊచ కొన ట్యూబుకు ఒక మేకే. పట్టీలో వాల్వ్ రంధ్రం రిమ్ము రంధ్రంతో సరిగ్గా కలవాలి.

టైరు లోపల చేయి పెట్టి చుట్టూ తడమండి, గుడ్డ చుట్టుకుని మరీ. మేకు ముక్కలు, ఇసుక మాత్రమే కాదు, కొత్త టైరులో అంటించిన కాగితం లేబుల్ ఉన్నా పీకేయండి. ఆ లేబుల్ అంచు వేల మైళ్ళ రాపిడిలో ట్యూబుకు బెజ్జం పెడుతుంది.

ఎక్కించడం

టైరు లోపలా ట్యూబు మీదా ఫ్రెంచ్ చాక్ పలచగా చల్లండి. గుట్టలుగా పోస్తే ఉండలు కట్టి అదే రాపిడి అవుతుంది. ఒక వైపు బీడింగు రిమ్ము మీదికి ఎక్కించాక, ట్యూబును గుండ్రంగా నిలబడేంత కొంచెం గాలితో టైరులో పెట్టండి. కాడను రంధ్రంలోంచి బయటికి తీసి రిమ్ము నట్టును నాలుగు మరలు మాత్రమే పట్టించండి, కాడ వెనక్కి పోకుండా ఉండటానికి. ఈ దశలో గట్టిగా బిగించకూడదు. గాలి ఎక్కేటప్పుడు ట్యూబు తన చోటు తాను వెతుక్కుంటుంది. కాడ అప్పుడే బందీ అయితే ఆ లాగుడంతా దిమ్మ మీద పడుతుంది.

రెండో బీడింగును వాల్వ్‌కు ఎదురు వైపు నుంచి మొదలుపెట్టి, రెండు చేతులతో చెరో పక్కగా వాల్వ్ వైపుకు రండి. ఎక్కిన భాగాన్ని మోకాళ్ళతో గాడిలోకి తొక్కి పెట్టే ఉంచండి. చివరి జానెడు వాల్వ్ దగ్గర మిగులుతుంది. అక్కడికి రాగానే కాడను లోపలికి ఒకసారి నెట్టి చూడండి, తేలిగ్గా కదిలితే ట్యూబు బీడింగు కింద ఇరుక్కోలేదన్నమాట. రాడ్డు కొనను ఒక్క వేలెడు కంటే లోపలికి పోనివ్వకండి. ఈ చివరి జానెడులోనే ఎన్నో కొత్త ట్యూబులు రాడ్డు కింద నలిగి పోతుంటాయి.

గాలి

ముందు 15 పాయింట్ల దాకా కొట్టి ఆపండి. టైరు పక్కన రిమ్ము అంచుకు సమాంతరంగా ఒక సన్నని గీత అచ్చు వేసి ఉంటుంది. రెండు వైపులా ఆ గీత చుట్టూ ఒకే దూరంలో కనిపించాలి. ఎక్కడైనా గీత లోపలికి దిగితే గాలి తీసేసి, అక్కడ సబ్బునీళ్ళు రాసి మళ్ళీ కొట్టండి.

సరిగ్గా కూర్చున్నాక పిన్ను తీసి గాలి మొత్తం వదిలేయండి. వింతగా అనిపించినా ఇది చేసి తీరాలి. మొదటిసారి గాలి ఎక్కేటప్పుడు ట్యూబు కొన్నిచోట్ల టైరుకు అంటుకుని సాగుతుంది, కొన్నిచోట్ల మడత పడుతుంది. గాలి వదిలితే ఆ మడతలు విచ్చుకుంటాయి. మళ్ళీ పిన్ను వేసి 35 పాయింట్లు పట్టండి, మోడల్-ఎకు ఫోర్డ్ చెప్పిన గాలి అదే.

ఇప్పుడు రిమ్ము నట్టు. చేత్తో పూర్తిగా తిప్పి, స్పానర్‌తో ఇంకో పావు చుట్టు. అంతే. పిన్ను నోటి మీద ఒక చుక్క సబ్బునీళ్ళు వేసి బుడగ లేస్తుందేమో చూసి, తుడిచి, మూత పెట్టండి. మూత అందానికే కాదు, లోపలికి దుమ్ము పోకుండా కాపాడేదీ అదే.

మొదటి 100 కిలోమీటర్లు

చక్రం బండికి వేసేటప్పుడు నట్లు ఎదురెదురుగా, ఒకటి వదిలి ఒకటి బిగించండి. బయలుదేరే ముందు టైరు మీదా రిమ్ము మీదా ఒకే వరసలో తెల్ల పెయింట్‌తో చిన్న గీత గీయండి. 20 కిలోమీటర్లు, 50, తర్వాత 100 దగ్గర ఆగి ఆ గీత చూడండి. రెండు ముక్కలూ ఒకదానికొకటి తప్పుకుంటే టైరు రిమ్ము మీద జారుతోందని అర్థం. ట్యూబు టైరుతో పాటు పోతుంది, కాడ మాత్రం నట్టుతో రిమ్ముకు కట్టేసి ఉంది. కొన్ని మైళ్ళు అలాగే నడిపితే దిమ్మ దగ్గర మొత్తం ఊడి వస్తుంది. దీనికి కారణం చాలాసార్లు తక్కువ గాలే. అందుకే ఇత్తడి వాల్వ్ వేసిన బండికి వారానికోసారి మీటరు పెట్టి చూడటం అలవాటు చేసుకోండి, బండి షెడ్డులోనే ఉన్నా సరే. గీత జరిగినట్టు కనిపించినా, కాడ ఒక పక్కకు వాలినట్టు కనిపించినా గాలి తీసి, రిమ్ము నట్టు వదులు చేసి, టైరును తిప్పి గీతలు కలిపి మళ్ళీ పట్టండి.

మొదటి వారం రోజులు రెండు మూడు పాయింట్లు తగ్గితే కంగారు పడొద్దు, మళ్ళీ పట్టి చూడండి. ఆ తర్వాత కూడా రోజుకో పాయింటు చొప్పున పోతుంటే ముందు పిన్ను మార్చండి, తర్వాతే చక్రం విప్పండి.

స్టెప్నీని మరిచిపోకండి. నాలుగు చక్రాలకూ ఇత్తడి వేసి ఐదోదాన్ని పాత రబ్బరు వాల్వ్‌తో వదిలేస్తే, దారిలో అవసరపడిన రోజున ఆ కాడే చీలి ఉంటుంది. తీసేసిన పాత ట్యూబుల్లో ఇత్తడి కాడలుంటే పారేయకుండా విప్పి, నట్టు, వాషర్ దేనిది దానికే ఎక్కించి ఒక డబ్బాలో దాచండి. డబ్బాలో రెండు కొత్త పిన్నులు, పంచ్ చేసిన రబ్బరు బిళ్ళలు నాలుగు కూడా వేసి సీటు కింద పెట్టుకోండి.